ఆటిజం లేదన్నారు. మరి పాపకి ఉన్న ఇబ్బంది ఏమిటి?

రిపోర్టు చేతికి రాగానే మా ఆయన పేజీలన్నీ తిప్పేసి చివరి లైను చదివారు. పాపకి ఆటిజం లేదని రాసి ఉంది. కారు ఎక్కకముందే అత్తయ్యకి ఫోన్ చేశారు. "నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నానా, పిల్ల బంగారంలా ఉంటే మీరే లేనిపోని టెన్షన్ పడుతున్నారని" అంటూ ఆవిడ ఫోన్లోనే ఏడ్చేశారు. హైదరాబాద్ నుంచి ఏలూరు వచ్చేదాకా దారంతా గుండెల మీంచి బరువు దిగినట్టే ఉంది. అది శనివారం. సోమవారం పొద్దున యూనిఫాం వేసే వేళకి ఏడేళ్ళ మా పాప తలుపు వెనక ముడుచుకుని కూర్చుని, సాక్సు కుట్టు కాలివేలికి తగులుతోందని ఇరవై నిమిషాలు ఏడ్చింది. స్కూల్ బస్సు వెళ్ళిపోయింది. నేనూ పక్కనే నేల మీద కూలబడ్డాను.

కాగితం మీద లేదు. ఇంట్లో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న అమ్మానాన్నలు చాలామంది ఉన్నారని ఆ తర్వాతే తెలిసింది. ఆటిజం ఉందంటే ఏం చేయాలో చెప్పేవాళ్ళు దొరుకుతారు. లేదంటే మాత్రం ఫైలు మూసేసి ఇంటికి పంపేస్తారు. నేను డాక్టర్ని కాదు. రెండేళ్ళుగా తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

"లేదు" అంటే ఏది లేనట్టు?

ఆటిజానికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. పిల్లని చూసి, పెద్దవాళ్ళని అడిగి, తెలిసినదాన్ని నియమాలతో సరిచూసుకుని చెప్పేదే. ఆ నియమాలు ఎక్కువగా డీఎస్ఎం-5 అనే పుస్తకం నుంచి వస్తాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దాన్ని తెచ్చింది. దాని ప్రకారం ఎదుటివాళ్ళతో ఇచ్చిపుచ్చుకునేలా మెలగడం, చూపుతో సైగలతో ముఖంతో భావం తెలపడం, స్నేహాలు కలుపుకుని నిలుపుకోవడం, ఈ మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండింటిలో ఉంటే చాలదు. దానికి తోడు నాలుగు రకాల తీరుల్లో కనీసం రెండు కనబడాలి: చేసిందే చేయడం, అలవాటులో చిన్న మార్పు వచ్చినా తట్టుకోలేకపోవడం, ఒకే విషయం మీద విపరీతమైన ఇష్టం, శబ్దం స్పర్శ వెలుగు లాంటివాటికి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో స్పందించడం. ఇవన్నీ చిన్నతనం నుంచే ఉండాలి, రోజువారీ బతుక్కి అడ్డుపడేంతగా ఉండాలి.

అంటే "ఆటిజం లేదు" అన్న మాట ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు. పిల్ల ఆ గీత దాటిందా లేదా అన్నది ఆ ప్రశ్న. గీతకి ఇవతల ఎంత దూరంలో ఉంది, ఇవతలే ఉన్నా ఎందుకు అవస్థ పడుతోంది అన్నవి వేరే ప్రశ్నలు. వాటిని ఎవరూ అడక్కుండానే మా ఫైలు మూశారు.

గీత ఎలా గీస్తారో దగ్గరగా చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మనదేశంలో వాడే కొలమానాల్లో ఒకటి ఐఎస్ఏఏ, అంటే ఆటిజాన్ని అంచనా వేసే భారతీయ కొలమానం. డాక్టర్లు "ఇసా" అంటారు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థలోనే ఇది తయారైంది. అందులో 40 అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా వేస్తారు. ఆ లక్షణం ఎంత తరచుగా కనబడుతుందన్నదే లెక్క. ఐదో వంతు సమయం కంటే తక్కువ కనబడితే 1, ఎప్పుడూ కనబడుతుంటే 5. ఏమీ లేని పిల్లలకి కూడా 40 వస్తుంది. మొత్తం 70 లోపు ఉంటే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా తేలికపాటి, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం.

మా పాపకి 67 వచ్చింది. సామాజిక సంబంధాల్లో 9 అంశాలకి 17, భావోద్వేగాల్లో 5 అంశాలకి 9, మాట-భాషలో 9 అంశాలకి 12, ప్రవర్తన తీరులో 7 అంశాలకి 12, ఇంద్రియాల స్పందనలో 6 అంశాలకి 12, ఆలోచనా శక్తిలో 4 అంశాలకి 5. మాటలు వచ్చిన పిల్లలకి మాట-భాష భాగంలో చాలావాటికి 1 పడుతుంది. అక్కడ తగ్గిన అంకెలు మిగతాచోట్ల ఉన్న ఇబ్బందిని కిందికి లాగేస్తాయి.

ఇందులో నా జవాబుల పాత్ర ఎంతో నాకు తర్వాత అర్థమైంది. "శబ్దాలకి చెవులు మూసుకుంటుందా?" అని అడిగారు. "అప్పుడప్పుడు" అన్నాను. 2 వేశారు. అబద్ధం చెప్పలేదు. కానీ మా ఇంట్లో మిక్సీ వేసేది పాప స్కూలుకి వెళ్ళాకే. కుక్కర్ పెడితే పాపని డాబా మీదికి పంపుతాం. పెళ్ళికి వెళ్తే మేళం వాళ్ళకి ఆమడ దూరంలో కూర్చుంటాం. సాక్సు తిరగేసి తొడిగితే కుట్టు బయటికి వస్తుందని అత్తయ్య కనిపెట్టారు, ఆవిడ ఊరెళ్ళిన రోజే గొడవ. పాప ఏడవకుండా ఇల్లంతా మేమే మారిపోయాం. అందుకే ఏడుపు "అప్పుడప్పుడు" అయింది. "మీరు ఈ జాగ్రత్తలేవీ తీసుకోకపోతే ఏమవుతుంది?" అని ఎవరైనా అడిగి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. అసెస్‌మెంట్‌కి వెళ్ళబోయే ఏ తల్లికైనా నేను మొదట చెప్పేది ఇదే: పిల్ల ఎలా ఉంటుందన్నదొక్కటే చాలదు, అలా ఉంచడానికి మీరు ఇంట్లో ఏమేం చేస్తున్నారో కూడా చెప్పండి.

మూడు చోట్ల ఒక్కో అంకె పెరిగితే 70. అంతమాత్రాన మా పాపకి ఆటిజం ఉందని నేను అనడం లేదు. 67కీ 70కీ మధ్య పిల్లలో మారేది ఏమీ ఉండదు, కాగితం మీద మాటే మారుతుంది. అందుకే మంచి డాక్టరు అంకెని పక్కన పెట్టుకుని తన కంటితో చూసినదాన్ని కూడా రాస్తారు. మీ రిపోర్టులో స్కోరు తప్ప ఆ వివరణ లేకపోతే, రాసి ఇమ్మని అడగడం మీ హక్కు.

రిపోర్టులో ఇంకా కొన్ని పొట్టిపేర్లు ఉంటాయి. కార్స్ అంటే 15 అంశాల కొలమానం, మామూలుగా 30 గానీ ఆ పైన గానీ వస్తే ఆటిజం వైపు చూస్తారు. ఎం-చాట్ 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఉన్న 20 ప్రశ్నల జల్లెడ మాత్రమే, దానితో ఉందనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు. వీఎస్ఎంఎస్ అని ఉంటే పిల్ల తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటుందో చూశారన్నమాట, ఎస్‌క్యూ దాని ఫలితం. బీకేటీ, ఎంఐఎస్ఐసీ తెలివితేటలకి సంబంధించినవి. ఆటిజం అనుమానంతో వెళ్ళి, కార్సో ఇసానో ఒక్కటే పెట్టి "లేదు" అని పంపించి ఉంటే, ఆ "లేదు" పక్కన చూడాల్సినవి చాలా మిగిలిపోయినట్టే.

ఆ గదిలో పాప, తరగతిలో పాప

మా అసెస్‌మెంట్ ముప్పావు గంట జరిగింది. ఏసీ గది. ఒక పెద్దావిడ, ఒక పాప, నాలుగు బొమ్మలు. పక్కన ఇంకో పిల్ల లేదు. ఆవిడ నవ్వుతూ, ఒక్కో మాటా ఆగి ఆగి అడిగారు. మా పాప బాగా చేసే చోటు ప్రపంచంలో ఏదైనా ఉందంటే అదే. స్కూల్లో ఒక తరగతికి నలభై మంది, పైన కిర్రుమనే ఫ్యాను, గంట, పరుగులు, ఒకేసారి ఇద్దరు పిలవడం. అక్కడి పాపని ఆ గదిలో ఎవరూ చూడలేదు. స్కూలు నుంచి ఒక్క కాగితం కూడా అడగలేదు. డీఎస్ఎం-5లోనే ఒక మాట ఉంది: చిన్నతనం నుంచే ఉన్న లక్షణాలు కూడా, చుట్టూ ఉన్నవాళ్ళు ఆశించేది పిల్ల శక్తిని మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చు. నాలుగేళ్ళప్పుడు కనబడనిది రెండో తరగతిలో కనబడటం, రెండో తరగతిలో నెట్టుకొచ్చింది హైస్కూల్‌కి వెళ్ళాక బయటపడటం అందుకే.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. 1943లో లియో కానర్ మొదటిసారి ఆటిజం గురించి రాసినప్పుడు ఆయన వివరించిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలు. అప్పటినుంచి మన కళ్ళలో ఆటిజం బొమ్మ మగపిల్లాడిదే. ఈ నాటికీ అమెరికా లెక్కల్లో మగపిల్లలు ఆడపిల్లల కంటే మూడు రెట్లకి పైగా ఉంటారు. అందులో కొంత నిజమైన తేడా, కొంత ఆడపిల్లలని గుర్తుపట్టకపోవడం అని నిపుణులు అంటున్నారు. చాలామంది ఆడపిల్లలు పక్కవాళ్ళని చూసి వాళ్ళలాగే నవ్వుతారు, వాళ్ళలాగే చేస్తారు. లోపల ఎంత అలసిపోతున్నారో బయటికి తెలియదు. మన ఇళ్ళలో పైగా "నెమ్మదైన పిల్ల, సిగ్గరి" అని మెచ్చుకుంటాం. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడకపోతే అది మర్యాద అనుకుంటాం. మగపిల్లాడు అదే చేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం.

భాష ఇంకో చిక్కు. మా పాపని అడిగిన ప్రశ్నల్లో సగం ఇంగ్లీషులో అడిగారు, ఇంగ్లీష్ మీడియం కదా అని. పిల్ల బడిలో ఇంగ్లీషు చదువుతుంది గానీ కల తెలుగులో కంటుంది. ఇంట్లో మాట్లాడే భాషలోనే పరీక్షించమని ముందే చెప్పాలి. రెండు భాషల వల్ల ఆటిజం వస్తుందని, తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని కొందరు ఇచ్చే సలహాకి ఆధారం లేదు. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురికి కూడా ఎవరో అదే చెప్పారట. నెలల తరబడి బాబుతో తనకి వచ్చీరాని ఇంగ్లీషులోనే ముద్దు చేసింది పాపం.

ఇన్ని చెప్పాక ఒక సంగతి గట్టిగా చెప్పాలి. "లేదు" అన్నది చాలాసార్లు నిజమే. అంగీకరించడం కష్టంగా ఉంటుంది, ఎందుకంటే పేరు దొరికితే దారి దొరుకుతుందన్న ఆశ మనది. "ఉంది" అని చెప్పేవాళ్ళు దొరికేదాకా సెంటర్లు మారుస్తూ పోతే, చెప్పేవాళ్ళు తప్పకుండా దొరుకుతారు. వాళ్ళ దగ్గర థెరపీ ప్యాకేజీ కూడా సిద్ధంగా ఉంటుంది. మాకూ ఒకచోట పాపని పది నిమిషాలు చూసి "వర్చువల్ ఆటిజం" అన్నారు. ఫోన్ ఎక్కువ చూడటం వల్ల వచ్చిందట, ఆరు నెలల కోర్సుట. ఆ పేరు డీఎస్ఎంలో లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చే రోగాల జాబితా ఐసీడీలోనూ లేదు. చిన్నపిల్లలకి ఫోన్ తగ్గిస్తే మంచిదే, నిద్ర బాగుపడుతుంది, మనతో మాటలు పెరుగుతాయి. దానికి ఆరు నెలల కోర్సు అక్కర్లేదు.

ఆటిజంలా కనబడేవి

2018లో మనదేశంలో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. హైదరాబాద్‌తో సహా ఐదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలని చూశారు. వినికిడి లోపం, మూర్ఛ, మాట-భాష సమస్యలు, ఆటిజం, ఏడీహెచ్‌డీ (మనసు నిలపలేకపోవడం, కుదురు లేకపోవడం), చదువులో ప్రత్యేక ఇబ్బందులు ఇలా తొమ్మిదింటిలో ఏదో ఒకటైనా ఉన్నవాళ్ళు సుమారు ఎనిమిదిమందికి ఒకరు తేలారు. వాళ్ళలో ఐదో వంతు పిల్లలకి ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఆటిజం ఉన్నవాళ్ళు మొత్తం పిల్లల్లో ఒక శాతం దరిదాపులే. ఆటిజం కానిది చాలా ఉందన్నమాట. అందులో చాలావరకు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి.

అన్నిటికంటే ముందు చెవి. పిలిస్తే పలకని పిల్లకి చెవి పరీక్ష చేయించకుండా ఇంకేదీ తేల్చకూడదు. ఓఏఈ, బెరా అనే పరీక్షలకి పిల్ల జవాబు చెప్పాల్సిన పని కూడా లేదు, నిద్రలోనే చేస్తారు. జలుబు చేసినప్పుడల్లా చెవిలో నీరు చేరి కొన్నాళ్ళు వినబడటం, కొన్నాళ్ళు వినబడకపోవడం కూడా ఉంటుంది. ఒక్కసారి పరీక్ష బాగుందని వదిలేస్తే అది దొరకదు. కన్ను కూడా అంతే. ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి మళ్ళీ మామూలు అయిపోయే పిల్లలకి ఈఈజీ అనే మెదడు పరీక్ష తీయించాలి, అది ఒకరకం మూర్ఛ కావచ్చు. రాత్రి నోరు తెరుచుకుని గురక పెట్టే పిల్లకి నిద్ర చాలక పగలు చిరాకు, నిలకడలేనితనం వస్తాయి. ఇనుము తక్కువైతే కూడా నిద్ర చెదిరిపోతుంది. ఇవి పిల్లల డాక్టరు దగ్గరే తేలిపోయేవి.

ఏడీహెచ్‌డీ అనగానే గంతులేసే పిల్లాడు గుర్తొస్తాడు. కదలకుండా కూర్చుని మనసు మాత్రం ఎటో పోయే రకం కూడా ఉంది. ఆడపిల్లల్లో అదే తప్పిపోతుంది. 2013కి ముందు నియమాల ప్రకారం ఆటిజం ఉంటే ఏడీహెచ్‌డీ అని విడిగా రాయకూడదు. ఇప్పుడు రెండూ రాయొచ్చు, రెండూ కలిసి ఉండటం మామూలే. ఇంట్లో వాగుడుకాయలా ఉండి బడిలో ఒక్క మాటా మాట్లాడని పిల్లలుంటారు. అది మొండితనం కాదు, ఆందోళన వల్ల గొంతు పెగలకపోవడం. దానికి సెలెక్టివ్ మ్యూటిజం అని పేరు. అక్షరాలతో, లెక్కలతో మాత్రమే పడే అవస్థ చదువుకి సంబంధించిన ప్రత్యేక ఇబ్బంది కావచ్చు.

మా పాప విషయంలో తేలింది వీటిలో ఏదీ కాదు. దానికి దారి చూపింది ఒక నోటుబుక్కు.

జిల్లా ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ "ఆటిజం ఉందా లేదా అన్నది ఒక నెల మర్చిపోండి. పాప ఎప్పుడు ఏడుస్తోంది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు, అంతే రాయండి" అన్నారు. లాంగ్ నోటుబుక్కు కొని గీతలు గీశాను. తేదీ, వేళ, ముందు, తర్వాత, రాత్రి నిద్ర. మొదటి వారం అంతా సాక్సులు, కుక్కర్, జడ. మూడో వారానికి కొత్తది బయటపడింది. సాయంత్రం బస్సు దిగగానే వచ్చే పెద్ద ఏడుపులు మంగళవారం, గురువారమే ఎక్కువ. టీచర్‌ని అడిగితే ఆ రెండు రోజులూ కథల పీరియడ్ ఉందన్నారు. టీచర్ కథ చెప్పి ప్రశ్నలు అడుగుతారు. పాప ఏమీ చెప్పదు, తల ఊపుతుంది, నవ్వుతుంది. "చాలా మంచి పిల్లండీ, అస్సలు అల్లరి చేయదు" అన్నారు టీచర్.

డాక్టరమ్మ మమ్మల్ని స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపారు. మాటలు బాగానే వచ్చు కదా అని నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. "పుస్తకం మూసి పెన్సిల్ ఇవ్వు" అంది. పాప పుస్తకం మూసి పెన్సిల్ ఇచ్చింది. కాసేపు ఆడించి "పుస్తకం మూసే ముందు పెన్సిల్ ఇవ్వు" అంది. పాప పుస్తకం మూసి, తర్వాత పెన్సిల్ ఇచ్చింది. "పిల్లి తరిమిన కుక్క ఏది?" అని రెండు బొమ్మలు చూపించింది. పాప కుక్క పిల్లిని తరిమే బొమ్మ మీద వేలు పెట్టింది. ఇలా పదిహేను చేసేసరికి నాకు చెమటలు పట్టాయి. చెవిన పడ్డ మాటలని వచ్చిన వరసలో పేర్చుకుని, తనకి తెలిసిన ప్రపంచంతో సరిపెట్టుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది నా కూతురు. వాక్యం కట్టు దానికి అందడం లేదు.

దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు. వినికిడి లోపం, మేధో వైకల్యం లాంటి కారణాలేవీ లేకుండానే భాష వయసుకి తగ్గట్టు ఎదగకపోవడం. 2016, 2017లో నిపుణుల బృందం ఒకటి కూర్చుని పాత పేర్ల బదులు ఈ పేరు స్థిరపరిచింది. ఇంగ్లండ్‌లో సర్రీ కౌంటీలో బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో ఇది 7 శాతానికి పైగా ఉంది, అంటే ముప్పైమంది ఉన్న తరగతిలో ఇద్దరు. ఆటిజం కంటే ఎక్కువమందికి ఉండేది, ఆటిజం తెలిసినవాళ్ళలో కూడా చాలామందికి తెలియనిది. మాట అర్థంకాని పిల్ల ఆటలో వెనకబడుతుంది, జోకు అందదు, గుంపులో నోరు మెదపదు, మార్పు వస్తుందంటే భయపడుతుంది. ఎందుకంటే ఆ మార్పు గురించి మనం చెప్పిన వాక్యమే దానికి అర్థం కాలేదు. బయటినుంచి చూస్తే ఆటిజంలా ఉంటుంది మరి.

అయితే సాక్సు కుట్టు, కుక్కర్ మోత దీనితో పూర్తిగా తేలవు. అందుకని డాక్టరమ్మ ఆటిజం ప్రశ్నని కొట్టేయలేదు. ఏడాదిన్నర తర్వాత, స్కూలు నివేదికతో మళ్ళీ చూద్దామని ఫైల్లో రాసుకున్నారు. తేలినంతవరకు పని మొదలుపెట్టి, తేలనిదానికి తేదీ వేసుకోవడం అన్న పద్ధతి నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది.

ఎక్కడికి వెళ్ళాలి, ఏం అడగాలి

పెద్ద ఊళ్ళో పెద్ద సెంటర్‌కి పరుగెత్తకముందు మీ జిల్లాలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల ఇబ్బందులని తొందరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం, ఎక్కడుందో కనుక్కోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చిన కేంద్రాలివి, పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలని చూస్తాయి, డబ్బు తీసుకోరు. అన్నిచోట్లా అందరు సిబ్బందీ ఉండకపోవచ్చు, అయినా మొదటి మెట్టు అదే. ప్రత్యేక అవసరాలున్న ప్రభుత్వ బడి పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వివరంగా చూడాల్సి వస్తే నేను పైన చెప్పిన మనోవికాస్ నగర్‌ జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, అదే ప్రాంగణంలో వినికిడి, మాట సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. బెంగళూరులో మానసిక ఆరోగ్య జాతీయ సంస్థ నిమ్హాన్స్‌కి మనవాళ్ళు చాలామందే వెళ్తారు. ప్రైవేటుగా చూపిస్తే సైకాలజిస్టుకి, స్పీచ్ థెరపిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయడమే మేలు.

రెండోసారి అసెస్‌మెంట్ అడగాలనుకుంటే, వెంటనే అదే పరీక్ష మళ్ళీ పెట్టించడం వల్ల ఉపయోగం ఉండదు. మొదటిసారి చూడనిది ఏదో ఒకటి ఈసారి వాళ్ళ ముందు ఉండాలి. టీచర్ రాసిన రెండు పేజీలు, నెల రోజుల నోటుబుక్కు, ఇంట్లో పాప ఏడ్చినప్పుడు తీసిన చిన్న వీడియో, మూడేళ్ళ వయసులో తీసిన పుట్టినరోజు వీడియో. పాత వీడియోలు బంగారం. పిల్ల అప్పుడు వేలు పెట్టి చూపించేదా, పిలిస్తే తిరిగేదా అన్నది మన జ్ఞాపకం కంటే అవే బాగా చెప్తాయి. ఇంట్లో పిల్లని ఎక్కువసేపు చూసుకునేవాళ్ళని తీసుకెళ్ళండి. మా ఇంట్లో అది అత్తయ్య. "ఏమీ లేదు" అన్న ఆవిడే రెండోసారి డాక్టరమ్మ అడిగినవాటికి నాకంటే వివరంగా చెప్పారు.

సర్టిఫికెట్ సంగతి వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, చదువులో ప్రత్యేక ఇబ్బంది, మేధో వైకల్యం అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. మాట-భాష వైకల్యం ఉంది గానీ, స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం లాంటి శాశ్వత స్థితులని ఉద్దేశించి రాశారు, మా పాపలాంటి పిల్లలు అందులో సులువుగా ఇమడరు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, 40 శాతం వైకల్యం అన్న లెక్కలన్నీ ప్రభుత్వం ఇచ్చే సాయానికి సంబంధించినవి. పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి, ప్రశ్న రెండోసారి చెప్పడానికి ఏ కార్డూ అక్కర్లేదు. అది అడగడానికి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగి మేము ఆరు నెలలు పోగొట్టుకున్నాం. మీరు ఆగకండి.

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఒక్క మాట. అమెరికాలో ఆసుపత్రి "ఆటిజం లేదు" అన్నా, పబ్లిక్ స్కూల్‌ని విడిగా పరీక్షించమని రాతపూర్వకంగా అడగొచ్చు. బడి సాయానికి మాట-భాష ఇబ్బంది వేరే విభాగంగానే ఉంది. స్కూలు చేసిన పరీక్షతో ఏకీభవించకపోతే, బయటి నిపుణుల చేత స్కూల్ డిస్ట్రిక్ట్ ఖర్చుతో చేయించమని కోరే హక్కు కూడా ఉంది. ఇంగ్లండ్‌లో బడిలో ప్రత్యేక సాయానికి రోగ నిర్ధారణ తప్పనిసరి కాదు, అవసరం చూపిస్తే చాలు.

మా పాప ఇప్పుడు మూడో తరగతి. టీచర్ ఒకసారికి ఒకే పని చెప్తున్నారు, బోర్డు మీద బొమ్మ గీస్తున్నారు. కథల పీరియడ్‌కి ముందురోజే ఆ కథ మాకు పంపిస్తే రాత్రి అత్తయ్య తెలుగులో చెప్పి పడుకోబెడతారు. స్పీచ్ థెరపీలో మొదటి మూడు నెలలూ పాపకి నేర్పింది ఒకే ఒక్క మాట: అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి. తల ఊపి నవ్వేయడం మాన్పించి ఆ మాట అలవాటు చేయడానికి అంత కాలం పట్టింది. సాక్సులు ఇంకా తిరగేసే వేస్తున్నాం. డాక్టరమ్మ వేసిన తేదీ వచ్చే జూన్‌లో ఉంది. నోటుబుక్కు రెండోది నడుస్తోంది. మొన్న మంగళవారం పేజీలో "ముందు" అన్న గడిలో ఇలా రాశాను: పీరియడ్‌లో చేయి ఎత్తి, టీచర్‌ని మళ్ళీ చెప్పమని అడిగిందట. "తర్వాత" గడి ఖాళీగా ఉంది. బస్సు దిగి వచ్చి, బ్యాగు పడేసి, సున్నుండ తింటూ ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.